రెండు చేతులూ కావాలి

గ్రంథాలయం బల్ల మీద టాబ్లెట్ పెట్టి
నా నోటుపుస్తకం లాక్కుని
వైకె రాసింది:
"ఇందులో మిల్వి కావాలి."

హీయుమా దీవిలో జనవరి.
మూడున్నరకే దీపాలు వెలిగించుకుంటాం.
గాలికి ఆవేళ పడవ రాలేదు,
పుస్తకాలకి ఎవరూ రాలేదు.
పొయ్యీ, నేనూ,
ఉన్ని చేతితొడుగులు అల్లి అమ్మిన డబ్బుతో
ఆమె కొనుక్కున్న నల్లటి పలకా.

మా భాషలో వైకె అంటే సద్దులేనిది.
పేరు పెట్టేనాటికి
పాప చెవుల సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు.
చేతులు రెండూ లేస్తే మాత్రం
దీవి మొత్తమ్మీద ఇంతటి వాగుడుకాయ లేదు.

పలక పేరడిగింది, కొట్టాం.
పుట్టిన ఏడు అడిగింది, కొట్టాం.
ఫోన్ నంబరు అడిగింది.
డెబ్భై నాలుగేళ్ళలో
ఆమె ఇంట్లో ఒక్క ఫోనూ మోగలేదు.
మోగి ఎవర్ని పిలవాలని?
ఖాళీ గడిలో చిన్న గీత
ఆరుతూ వెలుగుతూ
నంబరు లేనివాళ్ళు మనుషులేనా అన్నట్టు
మా వంక చూస్తూ కూర్చుంది.

గ్రంథాలయం నంబరే ఇచ్చాను.
బల్ల మీది పాత ఫోన్ ఉలిక్కిపడింది.
ఎవరో యంత్రపు ఆడమనిషి,
తొందర లేని గొంతు, ఆరంకెలు.
పెన్సిలు దొరక్క
వైకె అరచేతిలో వేలితో రాశాను:
నాలుగు. సున్నా. తొమ్మిది.
మళ్ళీ తొమ్మిది. రెండు. ఏడు.
ఆమె వినలేనిదాన్ని,
నేనైతే మర్చిపోయేదాన్ని,
అరచెయ్యి తొణక్కుండా మోసుకెళ్ళి
ఒక్కొక్కటే తెర మీద దించింది.

"స్మార్ట్‌ఫోన్ కొనుక్కుంటే ఈ గొడవ ఉండదుగా"
అని రాశాను.
జవాబు రాయలేదు.
నా జేబులోంచి ఫోన్ తీసి
నా కుడిచేతిలోనే పెట్టి, వేళ్ళు ముడిచి,
గడ్డంతో అంది: ఇప్పుడు మాట్లాడు.

నాకు వచ్చిన సంజ్ఞలే పాతిక.
ఎడంచేత్తో ఒకటి మొదలెట్టాను,
రెండో చెయ్యి లేక
గాల్లోనే కుంటింది.
ఫోన్ లాక్కుని సొరుగులో పడేసి
మోకాలితో సొరుగు మూసింది.
పలకని నిఘంటువుకి ఆనించింది.
అప్పుడు లేచాయి
ఒళ్ళోంచి రెండు చేతులూ.

ముందు ఎవరిదో నుదురు,
పైకప్పు దీపం,
తర్వాత కళ్ళజోడు, తర్వాత
వాల్గా పట్నంలో వంటింట్లో మిల్వి.
బధిరుల బడిలో ఒకే బల్ల.
ముప్పై ఒక్క ఏళ్ళుగా
మధ్యన ఉత్తరాలే.
కాగితం మీద ఎవరి చేతులు కనిపిస్తాయి?

మిల్వి వేళ్ళు కీళ్ళవాతంతో వంకరపోయాయి.
నేను పట్టుకోగలిగింది ఇంతే:
"నీ గొంతు ముసలిదైపోయింది" అంది వైకె.
"నీది ఇప్పటికీ అరుపే" అంది మిల్వి.
ఆ పైన నాకందలేదు.
బల్ల మీద అరచేతుల చప్పుడు, స్వెటర్ల రాపిడి,
అప్పుడప్పుడు
ఎవరికీ వినిపించక్కర్లేని నవ్వు.

గాలి ఎక్కువైంది.
సిగ్నల్ తడబడి
మిల్వి గడ్డకట్టింది.
కుడిచెయ్యి పైన, దాని కింద ఎడంచెయ్యి,
మధ్యలో ఏదో సగం మాట.
బటన్ నొక్కబోయాను,
వైకె నా మణికట్టు పట్టుకుంది.
ఎదుటి మనిషి మాట కోసం తడుముకుంటుంటే
లేచిపోతారా ఎవరైనా?

పొయ్యిలో కట్టె ఒకటి కూలింది.
రెప్ప వెయ్యకుండా కూర్చుంది ఆమె.
తొమ్మిది నిమిషాలు.
కదిలాయి చేతులు.

ఏమిటా మాట, అడిగాను తర్వాత.
"ఉప్పు" అని రాసింది.
"నిన్నటి చేపలో ఎక్కువైందట."

తాళం వేస్తుంటే
లోపల ఫోన్ మోగింది.
మళ్ళీ ఆ యంత్రపు మనిషే కాబోలు, మోగనీ.
బయట కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి,
చేతులతో చెప్పినా కనబడదు.
వైకె నా చేతితొడుగు లాగేసి
అరచేతిలో ఏదో రాసింది.
చలికి
మొదటి అక్షరమే తెలిసింది.